రోడ్డుకి రేటు ఎవరు కడుతున్నారు? హంపి గేటు నుంచి ఫాస్టాగ్ దాకా

ఈ రోజు టాపిక్ ట్రాఫిక్. "నువ్వు గోనెగండ్లోడివి, నీకు ట్రాఫిక్ గురించి ఏం తెలుసు సామీ" అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. మా ఊరి రోడ్డు మీద బండ్లు ఆగాయంటే గొర్రెల మంద అడ్డమొచ్చిందని అర్థం. ఐదు నిమిషాల్లో క్లియర్ అయిపోతుంది.

కానీ మా పక్క ఇంకో సంగతి ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం వైపు వానలు మొహం చాటేస్తే జనం వలసపోతారు. గుంటూరు పక్కకి మిరపకాయలు కోయడానికి, బెంగళూరు, హైదరాబాద్‌లకి బేల్దారి పనికి. అందుకే ఆ సిటీల్లో ట్రాఫిక్ ఆగితే మా ఊరోళ్ల కూలి కూడా ఆగుతుంది. నాకది అర్థమైంది ఒక సిగ్నల్ దగ్గర.

2022లో నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. చందానగర్‌లో రూమ్, గచ్చిబౌలి వైపు ఆఫీసు. ఈఎంఐలో కొన్న సెకండ్ హ్యాండ్ ఆల్టో. పొద్దున్నే ఎనిమిదిన్నరకి బయల్దేరితే పదికి ముందు చేరిన రోజు పండగ. ఒక రోజు సిగ్నల్ దగ్గర పక్కనే సిటీ బస్సు ఆగింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఒకాయన అద్దం మీద తట్టాడు. చూస్తే మా వీధి చిన్నాయన. బేల్దారి పనికొచ్చాడు.

"ఏం నాయనా, కార్లో ఒక్కడివేనా?"

"అవ్ చిన్నాయనా. యాడికి పోతాండావు?"

"సైటుకి. తొమ్మిదికి అక్కడ లేకపోతే మేస్త్రీ అరపూట కూలి కోసేస్తాడు. నీకేంలేప్పా, ఏసీలో కూసున్యావు."

సిగ్నల్ పడింది, బస్సు కదిలింది, పది అడుగులు పోయి మళ్లీ ఆగింది. నేను ఫోన్‌లో టైమ్ చూశా. తొమ్మిదింపావు. లేటైతే నాకు మేనేజర్ దగ్గర నుంచి ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ఆయనకి సగం రోజు కూలి పోయింది. ఆ బస్సులో ఇంకో అరవై మంది ఉన్నారు. ఆ బస్సు ముందు అడ్డంగా ఉన్నవి ఏంటి? నాలాంటి కార్లు. ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి.

ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. రోడ్డు ఫ్రీ అంటాం కదా, నిజంగా ఫ్రీయేనా?

సినిమా టికెట్ తీసుకోండి. రేటు ఎక్కువ పెడితే డబ్బున్నోడు కొంటాడు. రేటు తక్కువ పెడితే క్యూ పెరుగుతుంది, ముందు రాత్రి నుంచే నిలబడినోడికి దొరుకుతుంది. రెండో పద్ధతిలో కూడా రేటు ఉంది. డబ్బు బదులు టైమ్ కట్టారు, అంతే తేడా. కాకపోతే డబ్బు కడితే అది ఎవరో ఒకరికి చేరుతుంది. క్యూలో పోయిన టైమ్ ఎవరికీ చేరదు. మన సిటీ రోడ్డు ఈ రెండో రకం.

దీని వెనక లెక్క సింపుల్. నేను కారు తీస్తే నాకు ఎంత లేటవుతుందో నేను ఆలోచిస్తా. కానీ నేను రోడ్డెక్కడం వల్ల వెనకవాళ్లకి ఎంత లేటవుతుందో ఆలోచించను. ఉదాహరణకి, నా ఒక్క కారు వల్ల వెనక 400 బండ్లకి తలా రెండు సెకన్లు లేటైందనుకుందాం. 800 సెకన్లు, అంటే 13 నిమిషాలు పైనే. ఎవ్వరికీ తెలియదు, ఎవ్వరూ నన్ను తిట్టరు. కానీ ఊరందరి దగ్గరా కలిపి 13 నిమిషాలు తీసేసుకున్నా. ప్రతి ఒక్కడూ ఇదే చేస్తాడు, కాబట్టి ప్రతి ఒక్కడూ ఇరుక్కుంటాడు. బ్రిటిష్ ఎకనామిస్ట్ పిగూ 1920లో రాసిన పుస్తకంలో రెండు రోడ్ల ఉదాహరణతో ఇదే చెప్పాడు. ఇరుకైన మంచి రోడ్డుకి సరైన రుసుము పెడితే కొంతమంది రెండో రోడ్డుకి మారతారు, మొత్తం మీద అందరికీ మేలు అని.

మన బ్యాచ్ వాళ్లకైతే సర్వర్ గుర్తొస్తుంది. లోడ్ తక్కువున్నప్పుడు ఇంకో వంద రిక్వెస్టులు వచ్చినా ఏం కాదు. కెపాసిటీ దగ్గర పడ్డాక మాత్రం కొద్దిగా పెరిగినా మొత్తం సైటే నత్తలా అవుతుంది. రోడ్డూ అంతే. అందుకే పది మందిలో ఒకడు తగ్గినా, మిగతా తొమ్మిది మందికి తేడా బాగా తెలుస్తుంది. స్కూళ్లకి సెలవులిచ్చిన వారం హైదరాబాద్ రోడ్లు గుర్తు తెచ్చుకోండి.

"సరే, మరి రోడ్లు వెడల్పు చేస్తే సరిపోతుంది కదా?" ఇది మామూలుగా వచ్చే డౌట్. అమెరికా సిటీల లెక్కలు తీసి డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 2011లో ఒక పేపర్ రాశారు. రోడ్డు ఎంత శాతం పెంచితే, బండ్ల తిరుగుడు కూడా దాదాపు అంతే శాతం పెరిగింది. ఎందుకంటే రద్దీకి భయపడి ఇంట్లో ఆగినోడు, బస్సెక్కినోడు, పది తర్వాత బయల్దేరేవాడు, అందరూ కొత్త ఫ్లైఓవర్ చూసి కారు తీస్తారు.

అయితే రేటు పెట్టేద్దామా? ఈ మాట అనగానే మన జనం మొహాలు మారిపోతాయి. "ఇప్పటికే టోల్ కట్టి కట్టి చస్తున్నాం, ఇంకా సిటీలో కూడానా?" అంటారు. ఆ కోపం ఊరికే రాలేదు. దాని వెనక ఐదొందల ఏళ్ల చరిత్ర ఉంది. అది మా ఏరియా చరిత్రే.

మా ఊరి పేరులోనే గోనె ఉంది కాబట్టి గోనెలతోనే మొదలుపెడదాం. విజయనగరం రోజుల్లో సరుకు ఎద్దుల మీద పోయేది. పెరికెద్దులంటారు, వీపుకి రెండు పక్కలా గోనెలు వేసి మందలు మందలుగా నడిపించేవాళ్లు. ఆ సరుకు మీద సుంకాలు రకరకాలు. ఊళ్లో అమ్మిన సరుకు మీద స్థలాదాయం. ఒక ప్రాంతం గుండా దాటిపోయే సరుకు మీద మార్గాదాయం. మార్గాదాయం అంటే సింపుల్‌గా, అప్పటి టోల్.

1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ ఒక విషయం రాశాడు. రాజధానిలోకి వచ్చే ఒక గేటుని రాజు ఏడాదికి 12,000 పర్దావోలకి గుత్తకి ఇచ్చేవాడు. పర్దావో అంటే మన వరహాకి వాళ్లు పెట్టుకున్న పేరు. గుత్తదారు అడిగింది కట్టకుండా ఒక్క మనిషి కూడా లోపలికి పోలేడు, ఊరోడైనా పరదేశి అయినా. హంపి మాకు దూరమేం కాదు. ఆదోని కోట కూడా ఆ రాజ్యంలోదే. మా ముత్తాతల ముత్తాతలు ఆ గేట్ల దగ్గర గోనెలు దించి లెక్క చెప్పే ఉంటారు.

ఇప్పుడు డైరెక్టుగా 2023కి రండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, 158 కిలోమీటర్లు. దాని టోల్ వసూలు హక్కుని 30 ఏళ్లకి 7,380 కోట్లకి ఒక ప్రైవేట్ కంపెనీకి లీజుకిచ్చారు. ముందు మొత్తం డబ్బు సర్కారుకి, తర్వాత వసూలు కంపెనీది. గుత్త పద్ధతే. ఇది తప్పా ఒప్పా అనే గొడవలోకి నేను పోవట్లేదు. నేను చూపించాలనుకున్నది ఒక్కటే, రెండు చోట్లా గేటు పని డబ్బు రాబట్టడం.

మధ్యలో ఏం జరిగిందో కూడా చూడాలి. 1800లో నిజాం ఆదోనితో సహా మా ప్రాంతాన్నంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అంటే అవే. కంపెనీ వాళ్లు కూడా పాత సుంకం చౌకీలని వదల్లేదు. సరుకు కదిలితే చౌకీ, ఇంకొంత దూరం పోతే ఇంకో చౌకీ. దూదికి, బట్టకి, బెల్లానికి. ప్రతి చోటా ఆగడం, మూటలు విప్పడం, చౌకీవాడి చెయ్యి తడపడం. 1834లో ట్రెవెల్యన్ అనే అధికారి బెంగాల్ చౌకీల మీద ఒక రిపోర్టు రాశాడు. సర్కారుకొచ్చే ఆదాయం కంటే వ్యాపారానికి జరిగే నష్టం చాలా ఎక్కువ అని దాని సారాంశం. బెంగాల్లో 1836లో తీసేశారు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో మాత్రం 1844 దాకా ఆగాల్సొచ్చింది.

సరుకు సుంకం పోయింది, తర్వాత రోడ్లు వేశారు. రోడ్డు పక్కన మళ్లీ గేట్లు వచ్చాయి. ఈసారి లోకల్ బోర్డుల గేట్లు, బండికి ఇంత అని. ఎడ్లబండికీ కట్టాలి. తర్వాత మోటార్లు, బస్సులు వచ్చాక ఆ గేట్లు తలనొప్పి అయ్యాయి. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చారు. గేట్ల టోలు తీసేసి, దాని బదులు వాహనానికి పన్ను వేశారు. ఆదాయం పోయిన బోర్డులకి పరిహారం ఇచ్చారు. అప్పటికి ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు.

1931 మార్పుతో గేటు బాధ పోయింది, మంచిదే. కానీ ఒక అలవాటు కూడా మొదలైంది. బండి కలిగి ఉన్నందుకు పన్ను, రోడ్డు వాడినందుకు కాదు. ఇప్పుడు మనం కారు కొన్న రోజే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తాం. ఆ తర్వాత రాత్రి రెండింటికి ఖాళీ రోడ్డు మీద పోయినా, పొద్దున తొమ్మిదింటికి గచ్చిబౌలిలో దూరినా రోడ్డు రేటు ఒకటే. సున్నా.

మరి ఇప్పటి హైవే టోల్? మా ఊరి నుంచి కర్నూలు మీదుగా హైదరాబాద్ పోతే పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ ప్లాజాలు తగులుతాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. టెక్నాలజీ మారింది. కానీ రేటు దేన్ని బట్టి? బండి సైజుని బట్టి, రోడ్డు పొడవుని బట్టి. ఏ టైమ్‌లో పోయావన్నది లెక్కలోకి రాదు. సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ టీవీలో చూస్తాం కదా, ఆ రోజు కూడా అదే రేటు, ఆషాఢంలో ఖాళీ మంగళవారం కూడా అదే రేటు. అదే పండక్కి ప్రైవేట్ బస్సు టికెట్ ఎంతకి పోతుందో మీకు తెలుసు. వానపడితే క్యాబ్ యాప్ ఏం చేస్తుందో కూడా తెలుసు. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకి 200 ట్రిప్పుల వార్షిక పాస్ కూడా వచ్చింది. ఎక్కువ తిరిగేవాడికి తక్కువ పడుతుంది. హైవే ఖర్చు రాబట్టడానికి అది ఓకే. రద్దీ తగ్గించే పని మాత్రం అది కాదు.

కాబట్టి రెండూ వేరు వేరు. ఒకటి, డబ్బు కోసం పెట్టే గేటు. దానికి బండ్లు ఎంత ఎక్కువొస్తే అంత లాభం. రెండోది, రోడ్డు కదలడం కోసం పెట్టే రేటు. దానికి కొన్ని బండ్లు రాకపోవడమే లాభం. మనకి మొదటిది ఐదొందల ఏళ్లుగా తెలుసు. రెండోది మన దగ్గర ఏ సిటీలోనూ పూర్తిగా ట్రై చేయలేదు.

ఈ రెండోదాని వెనక ఉన్న మనిషి పేరు విలియం విక్రీ. 1959లోనే, అంటే మన తాతల కాలంలో, కార్లకి ఎలక్ట్రానిక్ గుర్తు పెట్టి, టైమ్‌ని బట్టి రోడ్డు చార్జీ వసూలు చేయొచ్చని అమెరికా పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. ఫాస్టాగ్ ఐడియా అది. అప్పుడు ఎవ్వరూ పట్టించుకోలేదు. 1996లో నోబెల్ ప్రకటించారు. ప్రకటించిన మూడు రోజులకే ఆయన చనిపోయాడు.

ఆచరణలో పెట్టింది మాత్రం సింగపూర్. 1975 జూన్ 2. యాప్ లేదు, కెమెరా లేదు. సిటీ సెంటర్‌లోకి పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య కారు రావాలంటే మూడు డాలర్ల కాగితం కొని అద్దానికి అంటించుకోవాలి. దారుల దగ్గర మనుషులు నిలబడి చూసి నోట్ చేసుకునేవాళ్లు, బండి ఆపరు. బస్సుకి ఫ్రీ. నలుగురు కలిసి వస్తే కారుకి కూడా ఫ్రీ. ఆ టైమ్‌లో వచ్చే బండ్లు దాదాపు 45 శాతం తగ్గాయి. జనం తెలివి చూడండి, తొమ్మిదిన్నర దాకా బయటే ఆగి, గంట కొట్టగానే లోపలికి దూరేవాళ్లు. దాంతో టైమ్‌ని పదింపావు దాకా పెంచారు. 1998లో మొత్తం ఎలక్ట్రానిక్ అయింది.

లండన్ 2003 ఫిబ్రవరి 17న మొదలుపెట్టింది, రోజుకి 5 పౌండ్లు. 2020 నాటికి 15 అయింది. మోటార్ సైకిళ్లకి లేదు. మిగిలే డబ్బు రవాణాకే ఖర్చు పెట్టాలని రూల్. మొదటి ఏళ్లలో రద్దీ బాగా తగ్గింది. తర్వాత రోడ్డు తవ్వకాలు, బస్సులకీ నడిచేవాళ్లకీ రోడ్డులో ఎక్కువ వాటా ఇవ్వడం, ఇలాంటి వాటితో స్పీడు మళ్లీ పడింది. అంటే ఇది మంత్రం కాదు. ఒకసారి పెట్టి వదిలేస్తే పని చేయదు.

నాకు బాగా నచ్చింది స్టాక్‌హోమ్ కథ. వాళ్లు వరస కరెక్టుగా పాటించారు. 2005 ఆగస్టులో ముందు దాదాపు 200 కొత్త బస్సులు దించారు. 2006 జనవరిలో ఏడు నెలల ట్రయల్‌గా చార్జీ పెట్టారు. పెట్టకముందు ఎక్కువమంది జనం వద్దన్నారు. పెట్టాక సిటీలోకి వచ్చే ట్రాఫిక్ 20 శాతం దాకా తగ్గింది. జూలైలో ట్రయల్ ఆపారు, రద్దీ తిరిగొచ్చింది. సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడితే స్టాక్‌హోమ్ జనం మెజారిటీతో కావాలన్నారు. 2007 ఆగస్టు నుంచి పర్మనెంట్. ఇందులో ఇంకో పాఠం ఉంది. బస్సులు దించిన మొదటి నెలల్లో, చార్జీ లేనప్పుడు, ట్రాఫిక్ పెద్దగా తగ్గలేదు. బస్సు ఒక్కటే సరిపోలేదు. చార్జీ కూడా తోడయ్యాకే రోడ్డు కదిలింది.

న్యూయార్క్‌లో 15 డాలర్లు అనుకున్నది 2024 జూన్‌లో ఆఖరి నిమిషంలో ఆగిపోయింది, 2025 జనవరి 5న 9 డాలర్లతో మొదలైంది. సరిగ్గా ఆ మధ్యలో, 2024 అక్టోబర్‌లో ముంబైలోకి వచ్చే ఐదు ఎంట్రీ టోల్ గేట్ల దగ్గర కార్లకి టోల్ ఎత్తేశారు. అసెంబ్లీ ఎన్నికలకి కొద్ది వారాల ముందు. ఆ ముంబై టోల్ కూడా రద్దీ కోసం పెట్టింది కాదు, ఫ్లైఓవర్ల ఖర్చు రాబట్టడానికి పెట్టింది. అందుకే దాన్ని ఎత్తేస్తే జనం చప్పట్లు కొట్టారు. డబ్బు గేటు పోతే ఎవరు మాత్రం ఏడుస్తారు?

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. నా అభిప్రాయం చెప్తా, మీరు ఒప్పుకోనక్కర్లేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి లాంటి చోట పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కార్లకి చార్జీ పెట్టొచ్చు. కానీ మూడు షరతులు. ఒకటి, టూవీలర్ జోలికి పోకూడదు. డెలివరీ బాయ్, చిన్న ఉద్యోగి ఉన్నది దాని మీదే. రెండు, ముందు బస్సులు రావాలి, తర్వాతే చార్జీ. బస్సు లేకుండా చార్జీ పెడితే అది శిక్ష అవుతుంది. మూడు, వచ్చిన ప్రతి రూపాయీ ఆ ఏరియా బస్సులకి, ఫుట్‌పాత్‌లకి పోవాలి, లెక్క ప్రతి నెలా బయట పెట్టాలి.

"పేదోళ్లకి అన్యాయం" అనే వాదన చాలామంది చేస్తారు. మంచి ప్రశ్నే. కానీ పొద్దున తొమ్మిదింటికి ఆ రోడ్డు మీద కారులో ఒంటరిగా ఉన్నది ఎవరు? నేను. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నది ఎవరు? చిన్నాయన. ఇప్పుడున్న పద్ధతిలో రోడ్డు రేటు ఆయన కూలి నుంచి కట్ అవుతోంది. నా ఫాస్టాగ్ నుంచి కాదు.

మొన్న ఉగాదికి ఊరికి పోయినప్పుడు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఆయనకి ఇదంతా చెప్పా. సింగపూర్, స్టాక్‌హోమ్, అన్నీ. ఓపిగ్గా విన్నాడు. కార్లోళ్ల దగ్గర వసూలు చేస్తే బస్సు తొందరగా పోతుంది చిన్నాయనా, నీ అరపూట కూలి మిగులుతుంది, ఏమంటావు అని అడిగా.

గ్లాసు కింద పెట్టి అన్నాడు: "బస్సు టయానికి పోతే మంచిదే కదప్పా, కట్టించుకోమను. అయితే ఆ దుడ్లు యాడికి పోతాయో అది సెప్పు ముందు."

నేను ఒక గంట చెప్పింది ఆయన ఒక్క మాటలో అడిగేశాడు. హంపి గేటు దగ్గర గోనెలు దించినోడు కూడా అదే అడిగి ఉంటాడు, జవాబు దొరికి ఉండదు. రేపు మన సిటీలో ఎవరైనా రద్దీ చార్జీ అంటే, వెంటనే వద్దని అరవకండి, వెంటనే చప్పట్లు కూడా కొట్టకండి. చిన్నాయన ప్రశ్న అడగండి.

మీరు రోజూ రోడ్డు మీద ఎంతసేపు పోగొట్టుకుంటున్నారో కామెంట్‌లో రాయండి. రూటు, బస్సా బండా, ఎన్ని నిమిషాలు, అంతే చాలు. అవన్నీ కలిపి ఒక షీట్ చేసి ఇంకో ఎపిసోడ్‌లో చూపిస్తా. అప్పటిదాకా ఉంటా మరి, జాగ్రత్తగా పోండి.